ఆరు పెన్నీల వైద్య పత్రిక



ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన రోగి వెంట ఒక కాగితముల కట్ట వచ్చును. రక్తపరీక్షల చీటీలు, ఎక్సురే, మందుల పేర్లు వ్రాసిన కాగితము, అన్నిటిని ఒక సంచిలో పెట్టి ఇంటివారు దానిని దస్తావేజువలె గూటిలో దాచుదురు. "అయ్యగారూ, ఇందులో ఏమున్నదో కాస్త చదివి చెప్పండి" అని నా యొద్దకు ఆ సంచి తెచ్చినవారు అనేకులు. సెమినరీలో గ్రీకు అక్షరములు కొంతవరకు నేర్చితిని గాని, వైద్యుల చేవ్రాత చదువుట నాకు నేటికిని చేతకాలేదు. రోగి పేరు, వయస్సు చదివి, తక్కినది డాక్టరుగారినే అడుగుడని చెప్పి పంపుదును.

వారు వెళ్లిన తరువాత నాకొక ఆలోచన తోచును. ఆ కాగితముమీద ఆ మందే ఏల వ్రాయబడెను? ఎచ్చటనో ఒక వైద్యుడు ఒక రోగిని చూచెను. తాను చూచినదానిని దాచుకొనక వ్రాసి ఒక పత్రికకు పంపెను. వేయి మైళ్ల దూరమున మరియొక వైద్యుడు దానిని చదివి, తన రోగులయందు పరీక్షించి, నిజమే యనియో, కాదు పొరబాటనియో తిరిగి వ్రాసెను. ఇట్టి రాకపోకలకై పుట్టినవే శాస్త్ర పత్రికలు. వాటి చరిత్ర పండితుల చరిత్ర మాత్రమేనని మనము అనుకొందుము. అయితే అందులో కూలివారును, సిపాయిలును, పచారీ కొట్లవారును, మన హైదరాబాదు నిజామును కూడ ఉన్నారు. వైద్యులు చదువుకొను పత్రికలలో ఒకదాని కథ మీకు చెప్పవలెనని నా కోరిక.

శాస్త్ర పత్రికలు 1665వ సంవత్సరములో పుట్టినవి. ఆ జనవరిలో పారిసు నగరమునందు ఒకటియు, మార్చిలో లండను నగరమునందు మరియొకటియు వెలువడెను. లండను పత్రికను నడిపినవాడు హెన్రీ ఓల్డెన్‌బర్గ్, రాయల్ సొసైటీ అను విద్వాంసుల సంఘమునకు కార్యదర్శి. అంతవరకు పండితులు ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొనుచుండిరి. ఆయన ఆ ఉత్తరములలోని సంగతులను ఏర్చి అచ్చువేయించెను. అది యుద్ధకాలము. పరదేశములతో ఇన్ని ఉత్తరములేమిటని ప్రభుత్వమునకు అనుమానము పుట్టి, 1667లో ఆయనను రెండు నెలలు టవర్ చెరసాలలో ఉంచిరి. విడుదలయైన తరువాత ఆయన మరల ఉత్తరములు వ్రాయుటకే కూర్చుండెను.

అయితే ఆ పత్రికను చదివినవారు కొద్దిమంది పెద్దమనుష్యులే. బీదవాడు పండుకొనియున్న ఆసుపత్రి గదిలో ఏమి జరుగుచున్నదో బయటి లోకమునకు చెప్పు పత్రిక రావలెనన్న మరి 158 సంవత్సరములు పట్టెను.

1823 నాటి లండను సంగతి మొదట గ్రహింపవలెను. సెయింట్ థామస్, గైస్, సెయింట్ బార్తలోమియో మొదలైన పెద్ద ఆసుపత్రులు దానధర్మములతో నడచుచుండెను. ధనికులు తమ ఇండ్లకే వైద్యులను పిలిపించుకొనుచుండిరి గనుక ఆసుపత్రిలో చేరినవారు బీదలు మాత్రమే. అచ్చటి శస్త్రవైద్యులకు రాబడి జీతమువలన రాలేదు, విద్యార్థులవలన వచ్చెను. ఉపన్యాసము వినుటకు రుసుము, వార్డులలో వెంట నడచుటకు రుసుము, శిష్యుడుగా చేరుటకు వందల పౌనులు. పెద్ద శస్త్రవైద్యుడు విరమించినప్పుడు ఆ స్థానము అతని మేనల్లునికో, అల్లునికో, డబ్బు కట్టిన శిష్యునికో దక్కుచుండెను. ఒకప్పుడు మన గ్రామములలో కరణీకము తండ్రినుండి కుమారునికి వచ్చినట్లే. శస్త్రవైద్యుల రాజకళాశాల యను సంస్థకు వేలకొలది సభ్యులుండిరి గాని పాలకవర్గమును ఎన్నుకొను హక్కు వారికి లేదు. పాలకవర్గములో ఒకరు పోయిన మిగిలినవారే మరియొకరిని చేర్చుకొందురు. పరీక్ష పెట్టువారును వారే, పాఠము అమ్మువారును వారే.

ఈ గుట్టు బయటపెట్టినవాడు థామస్ వాక్లీ. 1795లో డెవన్ సీమలోని మెంబరీ అను పల్లెలో ఒక రైతుకు పదునొకండవ బిడ్డగా పుట్టెను. టాంటన్ పట్టణములో మందులు నూరు వైద్యునియొద్ద శిష్యరికము చేసి, లండనుకు వచ్చి చదివి, 1817లో శస్త్రవైద్యుడాయెను. పెండ్లి చేసికొని మంచి వీధిలో ఇల్లు తీసికొని సాధన ప్రారంభించెను. ఇంతలో గొప్ప ఆపద వచ్చిపడెను. 1820 మే నెలలో, మంత్రులను చంపుటకు కుట్ర చేసిన అయిదుగురిని లండనులో ఉరితీసి, ముసుగు వేసికొనిన ఒకనిచేత వారి తలలు నరికించిరి. ఆ ముసుగులోనివాడు వాక్లీయేనని ఎవరో పుకారు పుట్టించిరి. ఆగస్టులో ఒక రాత్రి దుండగులు వచ్చి ఆయనను కొట్టి, పొడిచి, ఇల్లు తగులబెట్టిరి. ఇల్లు తానే తగులబెట్టుకొనెనని భీమా కంపెనీవారు సొమ్ము ఇయ్య నిరాకరించిరి. ఆయన న్యాయస్థానమునకు వెళ్లి గెలిచెను గాని సాధన చెడిపోయెను. అబద్ధపు మాట నోటినుండి నోటికి ప్రాకి మనిషినెట్లు కాల్చునో ఆయనకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. కోర్టు మెట్లు ఎక్కుటయు అప్పుడే అలవాటాయెను. ఇది తరువాత పనికివచ్చినది.

1823 అక్టోబరు 5వ తేది ఆదివారమునాడు ఆయన 'లాన్సెట్' అను వారపత్రికను వెలువరించెను. వెల ఆరు పెన్నీలు. లాన్సెట్ అనగా నెత్తురు తీయుటకు వైద్యులు వాడు రెండంచుల చిన్నకత్తి. కొన శూలమువలె కట్టిన సన్నని కిటికీని కూడ ఇంగ్లీషువారు ఆ మాటతోనే పిలుతురు. మొదటి సంచికలలో చదరంగపు ఆటలు, నాటకశాలల సంగతులు కూడ ఉండెను. అవి చదువరులకు బెల్లపుముక్కలు. అసలు సరకు వేరు. లండనులో మిక్కిలి పేరుపొందిన శస్త్రవైద్యుడు సర్ ఆస్ట్లీ కూపర్ ఇచ్చిన ఉపన్యాసము ఆ పత్రికలో అచ్చయ్యెను. రుసుము కట్టి బెంచీమీద కూర్చుండిన వారికి మాత్రమే దొరికిన పాఠము ఆరు పెన్నీలకు పల్లెటూరి వైద్యునికి దొరికెను.

తన మాటలను ఎవరు ఎత్తి వ్రాయుచున్నారో తెలియక కూపర్ వెదకుచు వెదకుచు ఒకనాడు వాక్లీ యింటికి రాగా, ఆయన తన ఉపన్యాసపు అచ్చుప్రతినే దిద్దుచుండుట చూచి, కోపపడక నవ్వెనని చెప్పుదురు. తన పేరు వేయకుంటే చాలునని ఒప్పుకొనెనట. అందరును అట్లు నవ్వలేదు. సెయింట్ బార్తలోమియోలో ఉపన్యాసములు చెప్పుచుండిన జాన్ అబర్నెతి 1824లో దావా వేసెను. రుసుము కట్టిన విద్యార్థి తాను నేర్చుకొనుటకు పాఠము వ్రాసికొనవచ్చును గాని దానిని అచ్చునకు అమ్ముకొనరాదని న్యాయమూర్తి లార్డ్ ఎల్డన్ 1825లో తీర్పు చెప్పి ఆటంకపు ఉత్తరువు ఇచ్చెను. ఆ ఉత్తరువు ఎక్కువకాలము నిలువలేదు. ఉపన్యాసములు అచ్చగుచునే యుండెను.

ఈ వ్యాజ్యెములో అబర్నెతి పక్షమున న్యాయము బొత్తిగా లేదని నేను చెప్పజాలను. ఏండ్ల తరబడి కష్టపడి సిద్ధపరచుకొన్న పాఠమును మరియొకడు అచ్చువేసి అమ్ముకొనినయెడల ఎవనికైనను నొప్పి కలుగును. అయితే ఆ పాఠము ఎవరి శరీరములను చూచి నేర్చినది? దానధర్మముల ఆసుపత్రిలో పండుకొన్న బీదల శరీరములను చూచి నేర్చినది కదా! వాక్లీ వాదన అదియే. ఆసుపత్రి ప్రజలది గనుక అందులో జరుగునది ప్రజలకు తెలియవలెను.

అంతట ఆయన మరియొక అడుగు వేసెను. పాఠములతో ఆగక శస్త్రచికిత్సలను కూడ ప్రకటింప మొదలుపెట్టెను. ఏ ఆసుపత్రిలో, ఏ దినమున, ఎవరు కోసిరి, ఎన్ని నిమిషములు పట్టెను, రోగి బ్రదికెనా లేదా అని వ్రాయించెను. సెయింట్ థామస్ ఆసుపత్రివారు ఆయనను లోపలికి రానీయరాదని ఆజ్ఞ చేసిరి. ఆయన విలేఖరులు విద్యార్థుల గుంపులో కలిసి లోపలికి పోవుచునే యుండిరి.

1828 మార్చిలో గైస్ ఆసుపత్రిలో జరిగిన సంగతి వినుడి. స్టీఫెన్ పొలార్డ్ అను 53 ఏండ్ల కూలివాడు ససెక్స్ సీమనుండి వచ్చెను. అతని మూత్రాశయములో రాయి కలదు. అప్పటికి మత్తుమందు లేదు. ఈథరు వచ్చుటకు ఇంకను 18 ఏండ్లున్నవి. రోగిని బల్లకు కట్టివేసి, మెలకువగా ఉండగనే కోయవలెను. నేర్పరియైన శస్త్రవైద్యుడు ఆ పనిని కొద్ది నిమిషములలో ముగించుచుండెను. పొలార్డ్‌ను కోసినవాడు బ్రాన్స్‌బీ కూపర్, సర్ ఆస్ట్లీ కూపర్ అన్న కుమారుడు. ఒక పనిముట్టు తరువాత మరియొకటి లోపల పెట్టి వెదకెను. రాయి చిక్కలేదు. విద్యార్థులు చుట్టును నిలిచి చూచుచుండగా ఆ కూలివాడు, ఇక వదలివేయుడి, అది లోపలనే యుండనీయుడి యని మొరపెట్టుకొనెను. దాదాపు గంటసేపటికి రాయి బయటికి వచ్చెను. మరునాడు పొలార్డ్ చనిపోయెను.

జేమ్స్ లాంబర్ట్ అను విలేఖరి దీనినంతటిని లాన్సెట్‌లో వ్రాసెను. పినతండ్రి పెద్దవాడు కాకున్న ఈ మనుష్యునికి ఈ ఉద్యోగము దొరకియుండునా అను ప్రశ్న ఆ వ్రాతలో పైకే యుండెను. బ్రాన్స్‌బీ కూపర్ పరువునష్టపు దావా వేసి 2000 పౌనులు అడిగెను. ఆ సంవత్సరము డిసెంబరులో విచారణ జరిగెను. వాక్లీ వకీలును పెట్టుకొనక తన వాదము తానే చెప్పుకొనెను. జూరీవారు కూపర్ పక్షమున తీర్పు చెప్పిరి గాని 2000కు బదులుగా 100 పౌనులు మాత్రమే ఇప్పించిరి. వాక్లీ ఖర్చులకు ప్రజలు చందాలు వేసికొనిరి. కూపర్ ఉద్యోగములోనే ఉండెను.

ఆ విలేఖనమును గూర్చి నా మనస్సులోని మాట చెప్పవలెను. లాంబర్ట్ దానిని నాటకమువలె, అంకములుగా విభజించి, ఎగతాళిగా వ్రాసెను. ఒక మనుష్యుడు బల్లమీద విలవిలలాడిన సంగతిని అట్లు వ్రాయుట నాకు రుచింపలేదు. వాక్లీకి కోపము ఎక్కువ, ఎదుటివారికి మారుపేర్లు పెట్టుటలో ఆనందము ఎక్కువ. అయినను ఆ వ్రాత లేనియెడల పొలార్డ్ ఎట్లు చనిపోయెనో ఆ గదిలో నిలిచినవారికి తప్ప లోకమునకు తెలిసియుండదు. లండను ఆసుపత్రిలో చనిపోయిన వేలాది కూలివారిలో ఇతని పేరు మాత్రము నేటికిని చరిత్ర పుస్తకములలో నున్నది.

వాక్లీ 1835లో పార్లమెంటు సభ్యుడాయెను. కూలి తగ్గించినందుకు సంఘము కట్టుకొనిన డార్సెట్ సీమ పాలేరులు ఆరుగురిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరము పంపగా, వారి పక్షమున సభలో గట్టిగా మాటలాడెను. 1839లో అనుమానాస్పద మరణములను విచారించు కారోనరు ఉద్యోగమునకు ఎన్నికయ్యెను. 1846లో హౌన్‌స్లో పటాలములో ఫ్రెడరిక్ వైట్ అను సిపాయిని 150 కొరడాదెబ్బలు కొట్టగా, అతడు కొన్ని వారములకు చనిపోయెను. దెబ్బలవలన కాదు, ఊపిరితిత్తుల జబ్బువలన చనిపోయెనని సైన్యపు వైద్యులు వ్రాసి పెట్టిరి. వాక్లీ దానిని ఒప్పుకొనక, బయటి నిపుణునిచేత శవమును మరల పరీక్షింపజేసి, దెబ్బలవలననే మరణము కలిగెనని జూరీ నోట పలికించెను. ఆ సంవత్సరమే కొరడాదెబ్బల సంఖ్యను 50కి తగ్గించిరి.

తరువాత వచ్చిన సంగతి మన ఇల్లాండ్రకు నచ్చును. 1851 మొదలు 1854 వరకు లాన్సెట్ తినుబండారముల కల్తీని పరిశోధించెను. ఆర్థర్ హిల్ హాసల్ అను వైద్యుడు లండను అంగళ్లలో సరకులు కొని, సూక్ష్మదర్శినితో చూచి, వారము వారము ఫలితములు ప్రకటించెను. కాఫీపొడిలో చికోరీ, రొట్టెలో పటిక, పాలలో నీళ్లు. ఆవపిండిలో గోధుమపిండి కలిపి, రంగు తెలియకుండ మన పసుపు చేర్చిరి! మిరపపొడిలో సీసపు సిందూరము కలిపిరి. అది విషము. పిల్లలు తిను మిఠాయిలకు సీసము, రాగి లవణములతో రంగు వేసిరి. ఫలితములు మాత్రమే గాక అమ్మిన అంగడివాని పేరు, వీధి, ఇంటినంబరు కూడ పత్రికలో అచ్చువేసిరి. మంచి సరకు అమ్మినవాని పేరును వేసిరి. ఇందువలన పార్లమెంటు విచారణ సంఘమును నియమించెను. 1860లో కల్తీని అరికట్టు మొదటి చట్టము వచ్చెను. అది బలహీనమైనది. 1875 నాటి చట్టముతో గాని పని జరుగలేదు.

చదువరీ, ఇంతవరకు విని, ఈ పత్రిక ఎల్లప్పుడును బీదల పక్షముననే, సత్యము పక్షముననే నిలిచెనని నీవు అనుకొందువేమో. వినుము.

1854 ఆగస్టు చివర లండనులోని సోహో పేటలో కలరా చొరబడెను. కొన్ని వారములలో 600 మందికి పైగా చనిపోయిరి. యార్కు పట్టణపు కూలివాని కుమారుడు, డాక్టరు జాన్ స్నో, కలరా దుర్గంధపు గాలివలన గాక మురికిచేరిన త్రాగునీటివలన వచ్చునని 1849లోనే వ్రాసియుండెను. ఇప్పుడు ఆయన చనిపోయినవారి ఇండ్లను లెక్కించి, వారిలో హెచ్చుమంది బ్రాడ్ వీధి పంపు నీళ్లు త్రాగిరని కనుగొని, పారిష్ పెద్దలను వేడుకొనగా, సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని ఊడదీయించిరి.

ఆ పేటలోని సెయింట్ లూకా దేవాలయములో హెన్రీ వైట్‌హెడ్ అను సహాయగురువు ఉండెను. ముప్పదియేండ్లు నిండనివాడు. చనిపోయినవారిలో అనేకులు ఆయన ఎరిగినవారే. స్నో చెప్పినది ఆయనకు నమ్మశక్యము కాలేదు. ఆ పంపు నీళ్లు త్రాగి బ్రదికినవారిని తానే చూచెను గదా! కాబట్టి స్నో మాట తప్పని చూపుటకు బయలుదేరి, ఇంటింటికి తిరిగి, ఒక్కొక్క ఇంటికి మరల మరల వెళ్లి, ఎవరు ఎప్పుడు ఏ నీళ్లు త్రాగిరో అడిగి వ్రాసికొనెను. తిరుగగా తిరుగగా స్నో మాటే నిజమని తేలెను. 40వ నంబరు ఇంట మొదట జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు, ఆ బావిప్రక్కనే యున్న మురుగుగుంటలో పోసిరని కూడ ఆయనే కనుగొనెను. గుంట గోడలు శిథిలమై మురుగు బావిలోనికి ఊరుచుండెను. స్నో చిత్రపటమును వైట్‌హెడ్ తన చదువుగదిలో జీవితాంతము ఉంచుకొనెను. ఈ గురువును గూర్చి వైద్య పత్రికల చరిత్రలో వ్రాయరు. ఇంటింటికి తిరుగుట నా పని కూడ గనుక నేను వ్రాయక ఊరకుండలేను.

ఇక లాన్సెట్ ఏమి చేసెను? 1855లో పార్లమెంటు సంఘము ఎదుట స్నో సాక్ష్యమిచ్చుచు, ఎముకలు ఉడుకబెట్టు కార్ఖానాల కంపువలన అంటురోగములు పుట్టవని చెప్పెను. లాన్సెట్ అప్పటికి ఎన్నో ఏండ్లుగా ఆ దుర్గంధములమీదనే యుద్ధము చేయుచుండెను. తన యుద్ధమునకు అడ్డు వచ్చినవాడు శత్రువుగా కనబడెను. కార్ఖానాదారులకు తోడ్పడుచున్నాడని స్నోను నిందించి, తన సిద్ధాంతముతోకూడ మురుగుగోతిలో పడెనని ఎగతాళి చేసెను. ఒకనాడు పెద్దల మూసిన తలుపును బ్రద్దలుకొట్టిన పత్రిక ఇప్పుడు తానే పెద్దయై కూర్చుండెను. 1858 జూన్ 16న స్నో 45 ఏండ్లకే చనిపోయెను. లాన్సెట్ పది రోజులకు రెండు మూడు పంక్తులలో వార్త వేసెను. క్లోరోఫారమును గూర్చి పరిశోధించిన వైద్యుడని వ్రాసెను. కలరా మాట లేదు, బ్రాడ్ వీధి మాట లేదు. వాక్లీ 1862లో చనిపోయెను. పత్రికను కుమారులు నడిపిరి. కరణీకము మాట పైన చెప్పితిని గదా!

క్లోరోఫారమన్న మాట మనలను హైదరాబాదునకు తీసికొని వచ్చుచున్నది. ఎడింబరోలో 1847 నవంబరులో జేమ్స్ సింప్సన్ ఈ మత్తుమందును వాడుకలోనికి తెచ్చెను. మూడు నెలలు తిరుగకముందే, 1848 జనవరిలో, హానా గ్రీనర్ అను 15 ఏండ్ల పిల్ల కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి నిమిషములలో చనిపోయెను. అది మొదలు వైద్యులలో రెండు పక్షములేర్పడెను. క్లోరోఫారము ఊపిరిని ఆపి చంపునని, కాబట్టి ఊపిరినే కనిపెట్టుచుండవలెనని ఎడింబరోవారు అనిరి. గుండెను ఆపి చంపునని, నాడి చూడవలెనని లండనువారనిరి. స్నో గుండె పక్షము. ఈ వాదము పత్రికలలో 40 ఏండ్లు సాగెను. బల్లమీద పండుకొన్నవారు ఈలోగా అక్కడక్కడ చనిపోవుచునే యుండిరి.

హైదరాబాదు రెసిడెన్సీ శస్త్రవైద్యుడు, అచ్చటి వైద్య పాఠశాలకు పెద్ద, ఎడ్వర్డ్ లారీ. ఎడింబరోలో చదివినవాడు. 1888లో ఆయన కుక్కలమీద పరీక్షలు చేయించి, ఊపిరి పక్షమే సరియని ప్రకటించెను. లాన్సెట్ నమ్మలేదు. అంతట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము, మీరే ఒక నిపుణుని ఎన్నుకొని పంపుడి, ఖర్చులకు 1000 పౌనులు ఇచ్చెదమని ఆ పత్రికకే కబురు చేసెను. ఎంత చక్కని జవాబు! లాన్సెట్ లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని పంపెను. ఆయన గుండె పక్షమువాడు. 1889 శరదృతువులో హైదరాబాదు చేరి, లారీతోను ఇతరులతోను కలిసి కుక్కలమీదను, కోతులు మొదలగు వాటిమీదను పరీక్షలు చేసెను. ఈ పనిలో సహాయపడినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అను హైదరాబాదు యువతి ఒకరు. మత్తుమందు ఇచ్చు వైద్యమునే వృత్తిగా చేపట్టిన తొలి స్త్రీలలో ఆమె పేరు చెప్పుదురు. ఆ నోరులేని జంతువులను తలచుకొనిన నాకు బాధ కలుగుచున్నది. అయినను ఉన్నదున్నట్లు చెప్పుచున్నాను.

బ్రంటన్ తన మనస్సు మార్చుకొనెను. క్లోరోఫారమువలని అపాయము ఊపిరాడకపోవుటయే గాని గుండెకు నేరుగా హాని లేదని లండనుకు తంతి కొట్టించెను. 1890లో లాన్సెట్ ఆ నివేదికను అచ్చువేసెను. హైదరాబాదు పేరు లోకములోని వైద్యుల నోట నానెను. ఎడింబరో పక్షమువారు సంతోషించిరి, లండను పక్షమువారు ఉత్తరములమీద ఉత్తరములు వ్రాసిరి.

అయితే హైదరాబాదు తీర్పు పూర్తిగా నిజము కాదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లులమీద పరీక్షలు చేసి, క్లోరోఫారము కొద్దిగా ఇచ్చినప్పుడు సహితము గుండె హఠాత్తుగా లయ తప్పి వణకి ఆగిపోవచ్చునని చూపెను. మందు మితిమీరినప్పుడు ఊపిరి ఆగుననుట నిజమే, గుండె ఆగుననుటయు నిజమే. నిజాము ధనముతో, పెద్ద పత్రిక ముద్రతో వచ్చిన తీర్పును నమ్మి, నాడి చూడనక్కరలేదని తలంచిన వైద్యుల బల్లలమీద ఎందరు పోయిరో! ఇప్పుడు శస్త్రచికిత్సకు క్లోరోఫారము వాడుట లేదు. మన ఆసుపత్రులలో మత్తు ఇచ్చునప్పుడు ఊపిరిని, గుండెను రెండింటిని యంత్రములు కనిపెట్టుచుండును. ఆపరేషను గది బయట బెంచీమీద కూర్చుండినప్పుడెల్ల ఈ పాత తగవు నాకు జ్ఞాపకము వచ్చును.

ఇక ఇటీవలి సంగతి ఒకటి. పత్రికకు వచ్చిన వ్యాసమును అచ్చువేయుటకు ముందు ఆ విషయము తెలిసిన ఇతరులకు చూపి అభిప్రాయమడుగు ఆచారము రాయల్ సొసైటీలో 1832 ప్రాంతమున ప్రారంభమాయెను. లాన్సెట్‌లో అది క్రమమైన పద్ధతియైనది 1976లోనే. అంతవరకు సంపాదకుని మాటే మాట. ఆ జల్లెడ ఉండి కూడ 1998లో ఒక వ్యాసము జారి వచ్చెను. 12 మంది బిడ్డలను మాత్రము చూచి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండ వేయు టీకాకును ఆటిజమునకును సంబంధముండవచ్చునని అందులో వ్రాసిరి. బ్రిటనులో తల్లులు భయపడిరి. టీకాలు తగ్గెను, తట్టు మరల వచ్చెను. ఆ వ్యాసములోని మోసమును బయటికి లాగినవాడు వైద్యుడు కాడు, ఒక వార్తాపత్రిక విలేఖరి. ఒకప్పుడు లాన్సెట్ విలేఖరులు గైస్ ఆసుపత్రిలో దూరినట్లు, ఈసారి విలేఖరి లాన్సెట్ తలుపే తట్టెను. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసమును ఉపసంహరించుకొనెను. ఈలోగా 12 సంవత్సరములు గడచెను. ఆ భయము మాత్రము సముద్రములు దాటి ఊరూర తిరుగుచునే యున్నది. టీకా వేయించవచ్చునా అని నన్నడిగిన తల్లులును కలరు. వేయించుమనియే చెప్పితిని.

మూడేండ్ల తరువాత, 2013లో, జాన్ స్నో పుట్టి 200 సంవత్సరములు నిండెను. ఆ సందర్భమున లాన్సెట్ ఆయన మరణవార్తను మరల వ్రాసి అచ్చువేసెను. 1858లో తాము వ్రాసినదానివలన ఆయన చేసిన పనిని తాము గుర్తింపలేదని చదువరులకు తోచియుండవచ్చునని, ఈ సవరణ మిక్కిలి ఆలస్యమైనదని ఒప్పుకొనెను. ఈసారి బ్రాడ్ వీధి మాట ఉన్నది. ఆలస్యము 155 సంవత్సరములు.